శుక్రవారం కాగితం

ఒక తాడు ముక్క కోసం మంగళవారం తెల్లవారకముందే మా ఇంట్లో గొడవ అయింది.

"మేకుకు తగిలించిన తాడు ఏది?" అన్నాను.

"ఇదిగో, ఈడుంది" అన్నారు మా ఆయన రాంచందర్ అరుగు మీద నుంచి. ఒళ్ళో రాత అట్ట, దాని మీద కాగితాలు, అవి గాలికి లేవకుండా చుట్టూ నా తాడు.

"దానికి ముళ్ళుండాలి కదా?"

"ఉండె, నాలుగు. కాగితం కింద ఎత్తుగ తగులుతున్నయని ఇప్పిన."

"విప్పేశారా!"

"తాడే గదనే. ముడి పోతే తాడు పోతదా?"

మా అత్త పార్వతమ్మ పొయ్యి దగ్గర నుంచే అందుకుంది. "ఏంది పొద్దుగాల్నే? నార ముక్కకు ఇంత లొల్లా? బియ్యం బస్తా ఇప్పితే బారెడు పురికొస వస్తది, ఇస్త తీస్కో."

"అత్తమ్మా, అది ఇర్మె అక్క తాడు."

"ఇర్మెదైతే? బంగారంతో పేనిందా?"

అడవి లోపలి ఊళ్ళవాళ్ళు పెళ్ళికో పండగకో పిలవాలంటే తారీకు చెప్పి పంపరు. అడ్డతీగ నార తాడుకు ముళ్ళు వేసి పంపుతారు. రోజుకో ముడి పొద్దున్నే విప్పుకోవాలి. ముళ్ళు అయిపోయిన రోజే ఆ రోజు. పోయిన శుక్రవారం సంతకు వచ్చిన ఇర్మె అక్క చెల్లెలి కూతురు ముయె ఈ తాడు నా చేతిలో పెట్టి, "పెద్దమ్మ ఇచ్చింది" అని ఒక్క మాట చెప్పి గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఏడు ముళ్ళు. అంటే మళ్ళీ శుక్రవారం ఇర్మె అక్క వస్తుంది.

మూడు రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకోలేనిదాన్ని కాదు. భద్రాచలంలో లెక్కలు, స్టాటిస్టిక్స్ తీసుకుని డిగ్రీ చదివాను. కానీ లేవగానే ఆ ముడి నా గోటితో వదులు చేసి లాగడం, అది నాది. ఆర్నెల్లుగా నేను ఎదురుచూసిన సంగతి అదొక్కటే.

మా చిన్నమ్మి ఆరో తరగతి. తండ్రి చేతిలోంచి తాడు లాక్కుని, ఈ రోజుది పోగా తనే మూడు ముళ్ళు వేసి తెచ్చింది. "రెండు చిన్నయి, ఒకటి పెద్దది అయింది, ఏం కాదుగా అమ్మా?" అంది. ఆయన కాగితాలకు రబ్బరు బ్యాండు వేసుకుని, "ఇగ నవ్వు" అన్నారు. నేను నవ్వలేదు.

*

పెళ్ళయి సరిహద్దు దాటి ఈ ఊరికి వచ్చిన కొత్తలో నాకు ఇక్కడి గూడేల భాషలు, దోర్లీ రాదు, హల్బీ రాదు, హిందీ పుస్తకాల హిందీ. మా ఇల్లు మరైగూడ వెళ్ళే రోడ్డు పక్కన ఉంటుంది. శుక్రవారం సంతకు పోయే ఆడవాళ్ళు మా అరుగు మీద గంపలు దించుకుని మంచినీళ్ళు తాగి వెళ్ళేవాళ్ళు. వాళ్ళలో ఇర్మె అక్క ఒకతే నాతో తెలుగులో మాట్లాడింది. నా చేతుల బొబ్బలు చూసి, "ఈ పిల్లకు నీళ్ళు తోడడం ఎవరూ నేర్పలేదు" అని అందరికీ చెప్పి నవ్వింది. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు, ఒక్క సంత కూడా మా అరుగు తప్పించి వెళ్ళలేదు. నేను జొన్న జావ ఇచ్చేదాన్ని. తను ఆకులో కట్టి ఏదో ఒకటి పెట్టేది, ఉసిరికాయలో, వెదురు కొమ్ములో.

మా ఆయన ఏటా మిర్చి కోతలకు కూలీల ముఠాను తీసుకుని ఖమ్మం వైపు పోతారు, మేస్త్రీగా. నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో ఆయన కంచం కడగాల్సిన పని లేకపోయినా మిగతావాటితో కలిపి కడుగుతాను. అప్పుడు శుక్రవారం శుక్రవారం ఇర్మె అక్క వచ్చి కూర్చుంటేనే నాకు వారం గడిచినట్టు ఉండేది.

పోయిన వానల్లో రోడ్డు వంపు దగ్గర ఒక టిప్పరు మీదికి రాబోతే ఆమె గంపతో సహా పక్క గుంటలోకి దూకింది. మోకాలు విరిగింది. అప్పటి నుంచి రాలేదు. శుక్రవారాలు వస్తూనే ఉన్నాయి. జావ అలవాటుగా ఒక గిన్నె ఎక్కువే కాస్తున్నాను.

*

ఇక ఆ కాగితాల సంగతి.

మా ఊరి చివర కల్వర్టు దాటాక ఒక పెద్ద గోదాం కడతామని ఒక కంపెనీ వచ్చింది. కరక్కాయ, ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు అన్నీ కొని అక్కడ నిలవచేస్తారట. లారీలు మా ఇంటి ముందు నుంచే పోవాలి. అన్ని లారీలు వస్తే ఈ రోడ్డు మోయగలదా, ఇప్పుడు ఎన్ని బండ్లు నడుస్తున్నాయి, ఇది లెక్కకట్టి రిపోర్టు ఇస్తేనే శనివారం గ్రామసభలో మాట్లాడతారు. ఆ లెక్క బాధ్యత జగదల్‌పూర్ నుంచి వచ్చిన రీనా అనే అమ్మాయిది. ఆమె మా ఆయనను మూడు రోజులు బండ్లు లెక్కపెట్టడానికి కుదుర్చుకుంది. మంగళ, బుధ, గురువారాలు, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా.

గోదాం లేస్తే గేటు దగ్గర వచ్చే పోయే లారీలు రాసుకునే పని ఈయనకే ఇస్తామని కంపెనీ మనిషి మాట ఇచ్చాడు. అంటే మిర్చికి పోనక్కర్లేదు. పన్నెండు నెలలూ ఇంటి దగ్గరే. ఆ మాట విన్న రోజు ఆయన మేకుకు వేలాడే తన ప్రయాణం సంచి దించి, చిన్నమ్మికి పుస్తకాల సంచిగా కుట్టించమన్నారు.

లెక్క ఎలా అంటే, కాగితం మీద హిందీలో గడులు: సైకిలు, మోటారుసైకిలు, జీపు, బస్సు, ట్రాక్టరు, లారీ. బండి పోతే ఆ గడిలో ఒక గీత. నాలుగు గీతలయ్యాక ఐదోది అడ్డంగా. ఆయన అన్నానికి లేచినప్పుడు నేను కూర్చునేదాన్ని. పెన్ను పట్టుకుని అలా కూర్చుంటే చాలా ఏళ్ళ కిందటి పరీక్ష హాలు గుర్తొచ్చింది. లేవబుద్ధి కాలేదు. ఆయన తిని వచ్చి, "జరుగు, నా ఉద్యోగం గుంజుకుంటవా ఏంది?" అనేవారు.

గురువారం సాయంత్రం రీనా కాగితాలు తీసుకోవడానికి వచ్చింది. తిరగేస్తూ, "ఈ గీతలు ఎవరివి?" అని హిందీలో అడిగింది.

"మా ఇంటామెవి. ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల లెక్క ఉంటయి. వంకరవి నావి" అన్నారు ఈయన, గర్వంగానే.

నేను చాయ్ ఇచ్చి అడిగాను. "నడిచేవాళ్ళకు గడి లేదేం?"

"ఇది బండ్ల లెక్క కదా దీదీ."

"మరి శుక్రవారం ఎందుకు లెక్కపెట్టించలేదు?"

"సంత రోజు మామూలు రోజు కాదు. ఎక్కడైనా మామూలు రోజులే తీసుకుంటారు. నియమం అది."

"గోదాముకు రోజుకు ఎన్ని లారీలు?"

"సగటున పద్దెనిమిది."

"సగటు వద్దు. సరుకు కొనేది ఏ రోజు?"

ఆ అమ్మాయి కప్పు కింద పెట్టింది. "సంత రోజు" అంది, మెల్లగా.

"కొన్నది ఎత్తేదీ ఆ రోజే. అంటే ఆ ఒక్క రోజు లారీలను ఏడు రోజులకు పంచి పద్దెనిమిది అంటున్నారు. శుక్రవారం వంద దాటుతాయి. రోడ్డంతా మనుషులుండే రోజు అదొక్కటే. మీ లెక్కలో లేని రోజూ అదే."

మా ఆయన తల ఎత్తలేదు. రీనా సంచిలోంచి నాలుగు ఖాళీ కాగితాలు తీసి అరుగు మీద పెట్టింది.

"నాకు దొంగలెక్క రాయడం ఇష్టం లేదు దీదీ. రేపు నేను ఇక్కడ ఉండను, వేరే చోట పని ఉంది. శుక్రవారం లెక్క ఎవరైనా రాసి సభలో ఇస్తే నేను రిపోర్టుకు జతచేసి తీరాలి. కానీ అప్పుడు లారీలకు వేరే దారి చూపించమంటారు. ఫైలు వెనక్కి పోతుంది. ఏడాదో, రెండేళ్ళో. ఒకోసారి కంపెనీ వేరే ఊరు చూసుకుంటుంది."

ఆమె జీపు వెళ్ళాక నేను ఆ కాగితాలు తీసుకెళ్ళి బియ్యం డబ్బా కింద పెట్టాను. ఆయన చూశారు. నేను పెట్టడం ఆయన చూశారని నేనూ చూశాను.

*

శుక్రవారం పొద్దున చివరి ముడి విప్పాను. చిన్నమ్మి వేసిన పెద్ద ముడి, గోళ్ళకు లొంగలేదు. పళ్ళతో లాగాను.

కాగితాలు తీయకూడదనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆయన ఈ మాఘమాసంలో ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో అప్పటికే ఊహించుకుని ఉన్నాను. వెనక పెరట్లో కూరగాయల మడికి నీళ్ళు పెడుతూ, చిన్నమ్మికి లెక్కలు తప్పు చెబుతూ, నేను సరిదిద్దుతూ. అంత చిన్న విషయం. అది కావాలనిపించడం తప్పు కాదు కదా అనుకున్నాను.

తెల్లవారుతుండగా మొదలయ్యారు. ఒకరి వెనక ఒకరు, రోడ్డు అంచున వరసగా. ఆడవాళ్ళ నెత్తిన గంపలు, మగవాళ్ళ భుజాన కావళ్ళు, సంకల్లో కోళ్ళు. కాగితం తీయలేదు కానీ లెక్క ఆగలేదు. నా మనసు ఐదేసి చొప్పున కట్టలు కట్టుకుంటూనే పోయింది.

పది దాటాక వచ్చింది ఇర్మె అక్క. ఒక చేత కర్ర, ఒక చెయ్యి ముయె భుజం మీద. గంప ముయె నెత్తిన ఉంది. చిక్కిపోయింది. అరుగు మీద కూర్చుని కాలు చాపి, నేను ఏడుస్తానేమోనని ముందే కసిరింది.

"జావ పోస్తవా, మొహం చూస్కుంట కూసుంటవా?"

జావ ఇచ్చాను. గిన్నె ఖాళీ చేసి మా ఆయన వైపు తిరిగింది. "ఏం తమ్మీ, బండ్లు లెక్క పెట్టినవంట. మమ్ముల పెట్టినవా?"

"మీరు బండ్లు కాదు గద ఇర్మక్కా" అన్నారు ఆయన నవ్వబోతూ.

"అవ్వ, నిజమే. నాలుగు కాళ్ళుంటే రాస్తుంటివి. నాకు రెండే ఉండె, ఇప్పుడు ఒకటిన్నర."

ముయె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఎప్పుడు బయలుదేరావు అక్కా?" అన్నాను.

"తొలికోడి కూతకు. ఆరు నెలల నుంచి మంచం మీద పడి ఈ అరుగే తలుస్తున్న. మా పిల్లలు వద్దన్నరు. రోడ్డు మీద బండ్లు ఎక్కువైనయి, పోవద్దన్నరు. తాడుకు ముళ్ళేసి పంపిన, ఇంక ఎట్ల ఆపుతరు?" నా చేతిలోని తాడు చూసి తీసుకుని, వేళ్ళతో తడిమి తిరిగి ఇచ్చింది. "గోదాం వస్తదంట గద. వస్తే నేను ఇట్ల రాలేను కుమారీ. పరిగెత్తే కాలు లేదు నాకు."

ఫిర్యాదులా అనలేదు. వాన వస్తుందని చెప్పినట్టు చెప్పింది.

సంతలోకి పోవడానికి లేచి రోడ్డు దాటుతుంటే వంపు దగ్గర హారన్ మోగింది. ఇసుక టిప్పరు. గంపతో ముయె ముందే దాటేసింది, ఇర్మె అక్క రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. నేను అరుగు దిగేలోపే మా ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఊపుకుంటూ రోడ్డు మీదికి ఉరికారు. బండి కీచుమని ఆగింది. డ్రైవరు హిందీలో ఏదో తిట్టాడు. ఇర్మె అక్క మెల్లగా, ఒక్కో అడుగూ వేసుకుంటూ అవతలి అంచు చేరేదాకా ఈయన బండి ముందే నిలబడ్డారు.

నేను లోపలికి వెళ్ళి బియ్యం డబ్బా కింద నుంచి కాగితాలు తెచ్చాను. కుడివైపు ఖాళీలో స్కేలుతో ఒక గడి గీసి, పైన హిందీలో "పైదల్", అంటే నడిచేవాళ్ళు, అని రాశాను. పొద్దున్నుంచి మనసులో కట్టిన కట్టలు మొదట దించాను, గంటల వారీగా. ఆయన పక్కనే కూర్చుని ఉన్నారు.

మధ్యాహ్నం అన్నం వార్చడానికి లేవాల్సి వచ్చింది. అట్టను అరుగు మీదే వదిలి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అది ఆయన ఒళ్ళో ఉంది. నా నిటారు గీతల తర్వాత వంకర గీతలు మొదలయ్యాయి.

సంత నుంచి తిరిగి వెళ్తూ ఇర్మె అక్క మళ్ళీ ఆగింది. ఆకు పొట్లంలో ఉసిరికాయలు పెట్టింది. "మళ్ళీ ఎప్పుడు?" అని నేను అడగలేదు. తను కొత్త తాడు ఇవ్వలేదు.

*

ఆరు దాకా లెక్క రాసి, రోజూ కంటే పెందలాడే అన్నాలకు కూర్చున్నాం. పప్పు, ఉసిరికాయ పచ్చడి. అత్తమ్మ వడ్డిస్తోంది. చిన్నమ్మి కాగితం చూసి లెక్క కూడింది. "నడిచినోళ్ళు ఐదు వందల ముప్పై నాలుగు. మూడు రోజుల బండ్లన్నీ కలిపినా ఇంత లేవు!"

"రేపు సభలో నేను ఇస్తాను" అన్నాను. "సంతకం నాదే పెడతాను. మీ పేరు ఎక్కడా రానివ్వను. మీ పని పోకుండా ఉంటుందేమో."

ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నారు, కలిసిపోయాక కూడా.

"గీతలు ఇద్దరివీ ఉన్నయి గద" అన్నారు. "చూసినోడికి తెల్వదా? సంతకం కూడా ఇద్దరిదీ ఉంటది."

అత్తమ్మ గరిటె ఆగింది. "ఏందిరా మీరనేది? గోదాం పని ఏమైతది?"

ఆయన తల ఎత్తి నన్ను కాదు, వాళ్ళమ్మను చూశారు.

"గోదాముకు ఇంకో దారి ఏసినంక చూద్దాం అమ్మా. ఈ ఏడు కూడా మిర్చికి పోత. చిన్నమ్మీ, నీ పుస్తకాలు ఖాళీ చేసి ఆ సంచి నాకియ్యి." చెయ్యి కంచంలోనే ఉంచి ఇటు తిరిగారు. "ఆ తాడు దాచి పెట్టు. పోయేనాడు ముళ్ళు నేనేసి పోత."