చినబాడవ రేవులో ఎనిమిదో మజిలీ

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోపం ఎక్కువ. ఆ కోపమే నన్ను యూట్యూబులోకి తెచ్చింది. ఆదివారం సాయంత్రాలు టీవీలో 'పది మజిలీలు' అని ఒక పోటీ వస్తుంది. ఇద్దరిద్దరు ఒక జట్టు. చీటీలో రాసినట్టు బస్సులూ రైళ్ళూ పడవలూ ఎక్కి, దారిలో చెప్పిన పనులు చేస్తూ, ఊరి నుంచి ఊరికి పరిగెత్తాలి. ఒక్కో మజిలీలో ఆఖరున వచ్చిన జట్టు ఇంటికి పోవాలి. వాళ్ళ తెలివితక్కువ పనులు చూసి నేను టీవీ మీద పడి అరుస్తుంటే మా ఆయన నాగేశ్వరప్రసాద్ భరించలేక, "ఆ తిట్లేవో ఫోన్లో తిట్టు వాణీ, నలుగురూ విని బాగుపడతారు" అన్నారు. వేళాకోళానికి అన్నారు. నేను నిజంగానే మొదలుపెట్టాను.

తణుకులో మా హార్డ్‌వేర్ కొట్టు పైనే మా ఇల్లు. పాత క్యాలెండర్ వెనక మ్యాపు గీసి, జట్టుకొక రంగు బొత్తాం పెట్టి, ఎవరు ఎక్కడ ఎంతసేపు పోగొట్టుకున్నారో బొత్తాలు జరుపుతూ చెప్తాను. 'వాణి విశ్లేషణ' అంటే ఇప్పుడు నలభై వేల మంది చూస్తారు. యాభై ఏళ్ళొచ్చాక మన మాట వినేవాళ్ళు దొరకడం చిన్న సంగతేం కాదు.

ఎనిమిదో మజిలీ మన గోదావరి జిల్లాల్లో పెట్టారు. రాజమండ్రిలో బయల్దేరి, తణుకు వచ్చి ట్రాక్టరుకి చెరకు ఎత్తి, అక్కణ్ణించి కిందికి పోయి పంటు మీద నది దాటి, కాకినాడ చేపల రేవు చేరాలి. పంటు అంటే రెండు పడవల మీద బల్లలు పరిచి, మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ కార్లనీ కూడా ఎక్కించుకుని అవతలికి దాటించేది. ఏ రేవో టీవీలో చెప్పలేదు, 'గోదావరి రేవు' అని ఊరుకున్నారు.

నా జట్టు జంగారెడ్డిగూడెం అక్కచెల్లెళ్ళు, సాయిప్రసన్న, సాయిసుధ. జీడితోటల మధ్య పెరిగిన పిల్లలు. చెరకు దగ్గర వెనకబడ్డారు గానీ, ఆటోవాణ్ణి అడిగి అడ్డదారి పట్టుకుని అందరికన్నా ముందు పంటెక్కారు. తర్వాతి పంటు నలభై నిమిషాలకి గానీ లేదు. పంటు కదిలింది, పాతిక గజాలు పోయింది. నేను బొత్తాం చేత్తో పట్టుకుని మంచం మీద నుంచి లేచి నిలబడ్డాను. అప్పుడు ఒడ్డుకి ఉదయ్‌భాస్కర్, జయంత్ అనే కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి కేకలు వేశారు. పంటు ఆగింది. వెనక్కి తిరిగింది. ఆ కుర్రాళ్ళని ఎక్కించుకుంది! అవతలి ఒడ్డున వాళ్ళు గబగబా దూకి ఎదురుగా ఉన్న ఒకే ఒక్క జీపు పట్టుకుపోయారు. అక్కచెల్లెళ్ళు ఇంకో బండి వెతుక్కునేసరికి మిగతా జట్లు కూడా దాటిపోయాయి. కాకినాడలో ఆఖరున దిగారు. సాయిసుధ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే వీడియో పెట్టాను. పంటు వెనక్కి తిరిగే చోట బొమ్మ ఆపి, చుక్కాని దగ్గర నిలబడ్డ సరంగుని చూపించాను. టీవీవాళ్ళిచ్చిన టోపీ, నారింజ రంగు జాకెట్టు, వీపు తప్ప ఏమీ కనపడలేదు. "ఈ పిల్లల్ని ఓడించింది చెరకు కాదు, ఎండ కాదు. ఇదిగో, ఈయన. ఈయన అమ్ముడుపోయాడు" అన్నాను. మూడు రోజుల్లో మూడు లక్షల మంది చూశారు. ఆ సరంగుని జనం తిట్టిన తిట్లన్నీ భోజనాల దగ్గర మా ఆయనకి చదివి వినిపించాను. నాకు ఒళ్ళు తెలియలేదు.

నాలుగో రోజు ఫోన్ మోగింది.

"వాణీ, నేనే, వీరవేణిని. చినబాడవ."

చినబాడవ మా పుట్టిల్లు. వీరవేణి నాతో పదో తరగతి దాకా చదివింది. పదిహేనేళ్ళయింది గొంతు విని. సంతోషంగా ఏదో అనబోయాను.

"నువ్వు అమ్ముడుపోయాడన్నది మా నాన్ననే," అంది.

వీరవేణి తండ్రి భీమరాజుగారు. చినబాడవ రేవులో నలభై ఏళ్ళుగా పంటు నడుపుతున్న మనిషి. నా వీడియో చూసి ఊళ్ళోవాళ్ళు నవ్వుతున్నారని, రేవుని వేలంపాటలో పాడుకున్న శ్యాంబాబు ఆయన్ని చుక్కాని వదిలి ఇంట్లో కూర్చోమన్నాడట.

"ఇంకో తొమ్మిది వారాల్లో వంతెన తెరిచేత్తారంట. అదయ్యాక పంటెలాగూ ఉండదు. ఆఖరి రోజు దాకా తనే తోలాలని ఒకటే ఆశ పడ్డాడే నాన్న," అని ఫోన్ పెట్టేసింది.

నా పుట్టింటి రేవుని నేను గుర్తుపట్టలేదు. సిమెంటు వాలు కట్టారు, వెనక వంతెన స్తంభాలు లేచాయి, రావిచెట్టు లేదు, మా నాన్న కిరాణా కొట్టు లేదు. అయినా గుర్తుపట్టాల్సింది. డిగ్రీ మూడేళ్ళూ ఆ పంటు మీదే దాటి కాలేజీకి వెళ్ళాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. పాలకొల్లు దాటేదాకా ఆ మూడేళ్ళే కళ్ళముందు. డీజిలు వాసన, తడి మోకు వాసన, గంపల్లో జామకాయలు. పెళ్ళికూతురుంటే పంటు మధ్యలో ఆపి గోదారమ్మకి పసుపూ కుంకుమా వేయించేవారు. వరదొస్తే వారం పాటు రేవు కట్టేసేవారు, కాలేజీకి సెలవొచ్చిందని నేను గంతులేసేదాన్ని. ఎంత కొరుకుడు పడని చదువైనా ఆ ఇరవై నిమిషాల్లో బుర్రకెక్కేది.

ఆ రేవుకో పద్ధతుండేది. పంటు కదిలాక కూడా, సగం ఏరు దాటకముందు ఒడ్డు నుంచి ఎవరైనా కేకేస్తే వెనక్కి తిప్పాలి. పిలిచింది మునసబా, చేపల గంప మనిషా అని చూసేవారు కాదు. నా బీకాం ఆఖరి పరీక్షరోజు ఆలస్యంగా వచ్చి కేకేస్తే భీమరాజుగారు పంటు తిప్పారు. ఎక్కి, పది గజాలు పోయాక హాల్ టికెట్ ఇంట్లో మర్చిపోయానని గుర్తొచ్చింది. ఏడుపు మొహం పెట్టాను. మళ్ళీ ఒడ్డుకి తెచ్చి దింపారు. ఇంటికి పరిగెత్తి టికెట్ తెచ్చుకుని చూస్తే పంటు మళ్ళీ పాతిక గజాల దూరంలో ఉంది. కేకేశాను. మళ్ళీ తిప్పారు! పంటులో ఒక బట్టల వ్యాపారి, "ఏవయ్యా, ఈ పిల్ల కోసం సాయంత్రం దాకా ఇక్కడే తిరుగుతావా?" అని విరుచుకుపడితే, "తవరు అరిచినా తిప్పుతానండి" అన్నారు భీమరాజుగారు.

అది నా కోసం చేస్తే మంచితనం. ఇంకొకళ్ళ కోసం చేస్తే అమ్ముడుపోవడం. బస్సులో కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాను.

రేవులో దిగి పంటెక్కాను, వేణీ వాళ్ళిల్లు అవతలి ఒడ్డున. చుక్కాని దగ్గర బుల్లబ్బాయి అనే నడివయసు మనిషి ఉన్నాడు. పంటు కదిలిన నిమిషానికి ఒడ్డు మీదికి ఒకావిడ చంటిపిల్లని భుజానేసుకుని పరుగున వచ్చింది. "ఆపండయ్యో... ఆపండీ!" అని చెయ్యి ఊపింది. బుల్లబ్బాయి తల తిప్పలేదు.

"ఏరా, ఇనపట్టంలేదా?" అంది నా పక్కనున్న ముసలావిడ, పెద్దింట్లమ్మట.

"ఇనపడతందండి. తిప్పొద్దని ఆర్డరండి. ఎవరో తణుకావిడ వీడియో పెట్టి రేవు పరువు తీసేసిందంటండి."

"ఆవిడ సొమ్మేం పోయిందంట?" అంది పెద్దింట్లమ్మ.

నేను కొంగు తలమీదికి లాక్కున్నాను. ఆవిడ నేనేనని అప్పుడు చెప్పాల్సింది. పంటు తిప్పమని అడగాల్సింది. ఒడ్డు మీద ఆ తల్లి చెయ్యి దించేసి, పిల్లని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

భీమరాజుగారు వీధి అరుగు మీద వల బాగుచేసుకుంటున్నారు. బాగా చిక్కిపోయారు. వేణి ఆయన చెవి దగ్గరకి వంగి, "శెట్టిగారి వాణి!" అంది. ఆయన మొహం వెలిగింది. వీధి ఇరుకు, అటూ ఇటూ అరుగుల మీద పదిమంది కూర్చుని ఉన్నారు. వాళ్ళకి వినపడకుండా, బస్సులో వల్లించుకున్నదంతా మెల్లగా చెప్పాను. తెలియక అన్నానని, క్షమించమని. ఆయన చివరిదాకా తల ఊపుతూ విని, నవ్వి, "మీ నాన్నగారు కులాసాయే కదా?" అన్నారు.

నాన్న పోయి పదేళ్ళయింది.

వేణి నన్ను లోపలికి తీసుకెళ్ళింది. "ఆయనకి ఇనపడదే. నలభై ఏళ్ళు ఇంజను పక్కన నిలబడితే చెవులు మిగుల్తాయేంటి? ఎనిమిదేళ్ళయింది."

"మరి ఒడ్డు మీది కేకలు?"

"పంటులోవాళ్ళు ఇంటారు. ఎవరో ఒకరు లేచెళ్ళి నాన్న భుజం తడతారు. ఆయన తిప్పుతాడు. రేవందరికీ తెల్సు, శ్యాంబాబుగారికీ తెల్సు. లైసెన్సిచ్చే ఆఫీసోళ్ళకే తెలీదు."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు షూటింగని ఊరోళ్ళనెవర్నీ ఎక్కనివ్వలేదు. కెమేరావాళ్ళు ఇన్నా పలకరు. ఆ అక్కచెల్లెళ్ళలో పెద్దపిల్ల లేచొచ్చి తట్టిందంట. 'తాతగారూ, ఎవరో పిలుస్తున్నారండి' అని చెవిలో అరిచి చెప్పిందంట. పోటీవాళ్ళే కదమ్మా అని నాన్న అడిగాడంట కూడా. 'అయినా పిలుస్తున్నారు కదండీ' అందంట. అది టీవీలో వెయ్యలేదు."

"ఈ మాట శ్యాంబాబుకి చెప్పలేదా?"

"పిల్లలు పాపం ఓడిపోయారు, మళ్ళీ ఆళ్ళ పేరెందుకులే అన్నాడు నాన్న."

ఫోన్ తీసి ఆ ముక్క మళ్ళీ చూశాను. పంటు తిరగబోయే ముందు సాయిప్రసన్న తన చోట లేదు. బొమ్మ అంచున ఒక చెయ్యి, సరంగు భుజం మీద. నలభైసార్లు చూశాను ఆ ముక్కని. ఎన్ని సెకన్లు పోయాయో లెక్కపెట్టాను గానీ ఆ చెయ్యి చూడలేదు. పంటెక్కడమే మొదటిసారైన పిల్లకి మా రేవు పద్ధతి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆ నీళ్ళ మీద పెరిగినదాన్ని, నాకు గుర్తులేకపోయింది.

వేణీ వాళ్ళ పెరట్లో కొబ్బరిచెట్టుకి ఫోన్ ఆనించి వీడియో తీశాను. మ్యాపు లేదు, బొత్తాలు లేవు. పాత వీడియో తప్పని, దాన్ని తీసేశానని, ఆ సరంగు పేరు భీమరాజుగారని, నా కోసం ఒకే రోజు రెండుసార్లు పంటు తిప్పిన మనిషని చెప్పాను. సాయిప్రసన్న సంగతి చెప్పాను. ఎనిమిదో మజిలీలో అందరికన్నా బాగా ఆడింది ఇంటికి పోయిన జట్టేనన్నాను. ఆయన చెవుల సంగతి మాత్రం ఎత్తలేదు. అది రేవు సొంత విషయం.

భోజనాలయ్యాక శ్యాంబాబు తనే వచ్చాడు. ఫోన్ చేతిలోనే ఉంది, వీడియో చూసినట్టున్నాడు. నా వంక చూసీ చూడనట్టు చూసి, "రేపు మొదటి పంటుకి నాన్నగార్ని రమ్మను వేణీ. బుల్లబ్బాయికి కూడా చెప్పాను, పిలిస్తే తిప్పమని" అన్నాడు.

"ఏమంటన్నారు?" అన్నారు భీమరాజుగారు.

"రేపట్నించి పంటెక్కమంటన్నారు!" అని అరిచింది వేణి.

ఆయన వల పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. పంచె సర్దుకున్నారు, మళ్ళీ కూర్చున్నారు. తర్వాత, "అమ్ముడుపోయానన్నారు కదా, ఇప్పుడెలా రమ్మంటన్నారు?" అని అడిగారు. వేణి నా వైపు చూసింది. ఆ మాటన్నది ఎవరో ఆయనకి చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

ఫోన్లోకి చూసి మూడు లక్షల మందికి తప్పు ఒప్పుకోవడం తేలికే, వాళ్ళ మొహాలు కనపడవు. ఈ వీధిలో పదిమంది నన్ను లంగావోణీలో చూసినవాళ్ళు. మా నాన్న కొట్లో బెల్లం కొనుక్కున్నవాళ్ళు. నేను లేచి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"నేనే బాబాయ్‌గారూ! ఆ మాటన్నది నేనే!"

ఎదురరుగు మీద రొయ్యలు ఒలుస్తున్న ఆడవాళ్ళు చేతులాపారు. భీమరాజుగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "ఆఁ?"

"మీరు అమ్ముడుపోయారని అన్నది నేనేనండీ! తప్పు నాది!"

"ఏంటమ్మా?"

నా గొంతు పగిలిపోయింది, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. వీధి చివర ఇంట్లోంచి కూడా ఎవరో బయటికొచ్చారు. ఊపిరంతా కూడదీసుకున్నాను.

"మీరు అమ్ముడుపోలేదు! నేను అబద్ధమాడాను! నన్ను క్షమించండి బాబాయ్‌గారూ!"

ఆయన చెయ్యి దించి, అరుగుల మీది మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూశారు. తర్వాత వల పక్కకి జరిపి నాకు చోటిచ్చారు.

"మొదటిసారే ఇనపడిందమ్మా," అన్నారు మెల్లగా. "ఈళ్ళందరూ కూడా ఇనాలి కదా."