ఊపిరి బిగబట్టండి

"ఫొటోలు తీసే పనికి ఇంత హడావుడి ఎందుకే?" అంది అత్తగారు, నాలుగో డబ్బాకి మూత పెడుతున్న కోడలిని చూసి. కోడలు ఆస్పత్రిలో సీటీ స్కాన్లు తీస్తుంది; పదకొండేళ్లుగా ఆవిడకి సీటీ స్కానంటే ఫొటోలే. కోడలు విని ఊరుకుంది. ఊరుకోవడంలో ఆమెది చెయ్యి తిరిగిన పనితనం.

సంచిలో ఫారం ఉంది. టెక్నీషియన్లకి స్కానింగ్ నేర్పే సీనియర్ ట్రైనర్ పోస్టు. ఫారం ఇచ్చినవాళ్లు ముందు ఆరు వారాలు వేరే ఊళ్లో శిక్షణకి వెళ్లాలి. ఈరోజు సాయంత్రం ఐదింటితో గడువు సరి. ఈ పోస్టు మొదటిసారి పడ్డప్పుడు మొగుడు, "బాబు చిన్నవాడు, కాస్త ఓపిక పట్టు" అన్నాడు. రెండోసారి, "అమ్మకి మోకాళ్ల ఆపరేషన్, ఈసారికి ఆగు" అన్నాడు. ఇవాళ బూట్ల తాళ్లు కట్టుకుంటూ, "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు. గొంతు పెంచి ఎరగడు, మంచివాడని పేరు. ఆగమని చెప్పి తన పనికి తను వెళ్లిపోతాడు, అంతే. బాబుకి మీసాలొస్తున్నాయి, అత్తగారు మెట్లెక్కి దిగుతోంది. ఇక ఆగింది చాలు అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఆస్పత్రిలో అయినా ఏం ఒరిగింది? కొత్తవాళ్లందరినీ ఆమెకే అంటగడతారు. "మీ చేతిలో పడితే రాయికైనా పని వస్తుంది మేడం" అంటాడు డిపార్ట్‌మెంట్ పెద్ద. ఆ నేర్పడం మాత్రం డ్యూటీ లెక్కలోకి రాదు. ఆమె దగ్గర ఓనమాలు దిద్దినవాడే ఇప్పుడు ఆమె సెలవు చీటీ మీద సంతకం పెడుతున్నాడు. తల్చుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ మధ్యాహ్నం స్కాన్ మిషన్‌లో ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో, ఎప్పుడు వదలాలో చెప్పే రికార్డు గొంతు పనిచెయ్యలేదు. కొత్తగా చేరిన అమ్మాయి మైకులో తనే చెప్పింది: "గట్టిగా ఊపిరి తీసుకోండి... బిగబట్టండి." బల్ల మీద ఒక ముసలావిడ. స్కాన్ పది సెకన్లలో అయిపోయింది. తొలిసారి తన చేత్తో తీసిన బొమ్మ తెరమీద తేటగా వచ్చేసరికి ఆ పిల్ల మురిసిపోయి రెండో మాట మర్చిపోయింది.

కంట్రోల్ గది అద్దంలోంచి చూసిన ఈమె గబుక్కున మైకు లాక్కుంది. "ఊపిరి వదలండమ్మా, వదిలెయ్యండి."

పరుగున లోపలికెళ్తే ముసలావిడ మొహం కందిపోయి ఉంది, కళ్లలో నీళ్లు.

"అంతసేపు ఎందుకు బిగబట్టారమ్మా? ఆగలేకపోతే వదిలెయ్యాల్సింది కదా."

"వదలమని మీరు చెప్పలేదుగా తల్లీ," అంది ఆవిడ, తప్పు తనదే అన్నట్టు.

ఈమె ఆవిడని లేపి కూచోబెట్టి, ఊపిరి కుదుటపడేదాకా వీపు రాస్తూ నిలబడింది.

బయటికి రాగానే అమ్మాయి ఎదురొచ్చింది. "సారీ మేడం. పనయిపోయింది కదా, ఆవిడే వదిలేస్తారనుకున్నా."

"బిగబట్టమన్నవాళ్లకి గుర్తుండదమ్మా," అంది ఈమె. "వాళ్ల పని అయిపోతుంది కదా."

ఆ మాట తన చెవులకే కొత్తగా వినిపించింది. గడియారం చూసింది. నాలుగూ నలభై. సంచి తీసుకుని ఆఫీసు గదికి నడిచి, ఫారం ఇచ్చి, రసీదు అడిగి పుచ్చుకుంది. మెట్ల దగ్గర నిలబడి మొగుడికి ఫోన్ చేసింది.

"ఫారం ఇచ్చేశాను. ఆరు వారాలు ఊళ్లో ఉండను."

"అదేంటి, ఆగమన్నాను కదా?"

"ఆగాను," అంది ఆమె. "మీరు మర్చిపోయారు."