రాయి చెరిపిన ఫోటో

జిమ్ములో ఇనుప చక్రాలు తుడవడం సగమైంది. హనుమన్న పాత బనీను గుడ్డకు కాస్త నూనె అద్దుకుని, ఒక్కో చక్రాన్నీ ఒళ్లో పెట్టుకుని రుద్దుతున్నాడు. చెమట తగిలిన ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. వేళ్లు లావుగా, కణుపుల దగ్గర కాయలు కాసి ఉన్నాయి. చేతుల్లో ఇంకా సత్తువ ఉంది, నడుములోనే లేదు. కింద దొర్లిన చక్రాన్ని తీయాలంటే గోడ పట్టుకుని, ఒక మోకాలు నేలకు ఆనించి, పొట్టను పక్కకు సర్దుకుని దిగాలి. తీసినంత సేపూ పళ్ల మధ్య నుంచి సన్నగా మూలుగు వస్తుంది. అది తనకు వినబడదు, వినేవాళ్లకే వినబడుతుంది.

అతని వెనక గోడ మీద నేల నుంచి కప్పు దాకా ఒక ఫ్లెక్సీ. అందులో ఇద్దరు హనుమన్నలు. ఎడమ పక్క హనుమన్న పొట్ట వేలాడేసుకుని బిక్కమొహంతో నిలబడ్డాడు. కుడి పక్క హనుమన్నకు రొమ్ము విరుచుకుని ఉంది, కడుపు మీద ఆరు గళ్లు, భుజం మీద కండలు పెంచే పౌడరు డబ్బా. ఇద్దరి మధ్యా ఎర్ర బాణం, దాని కింద ‘తొంభై రోజుల్లో!’ అని పెద్దక్షరాలు. ఆ బాణాన్ని వెనక్కి తిప్పి, రోజుల బదులు ఇరవై ఏళ్లని రాస్తే అంతా నిజమే.

కుడి పక్క ఉన్నది ఎమ్మిగనూరు జాతరలో గుండురాయి ఎత్తే పోటీ గెలిచిన హనుమన్న. ఎవరో ఫోటో తీసి పటం కట్టించి ఇచ్చారు. జిమ్ము యజమాని సుధాకర్ ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు గోడకున్న ఆ పటం చూసి, ‘ఒక్క పూటకు ఇయ్యన్నా’ అని పట్టుకుపోయాడు. తిరిగి పటం వచ్చింది, తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. కంప్యూటర్లో రాయిని చెరిపేసి అక్కడ డబ్బా అతికించారు. అంత రాయిని మోస్తూ పళ్లు బిగబట్టిన మనిషి ఇప్పుడు అరచేతంత డబ్బా మోయలేక అవస్థ పడుతున్నట్టు కనిపిస్తాడు. అది చూసి నవ్విన మనిషి ఆదోనిలో ఇంతవరకు ఒక్కడూ లేడు. అందరూ డబ్బా ధర అడిగినవాళ్లే.

సుధాకర్ చెడ్డవాడైతే హనుమన్నకు ఇంత చిక్కు ఉండేది కాదు. మార్కెట్ యార్డులో పత్తి బోరెం మోస్తూ, అంత గోనెమూట కింద జారిపడి నడుము పోగొట్టుకున్న హమాలీని పిలిచి, జిమ్ము ఊడ్చి తుడిచే పని ఇచ్చింది అతనే. తను అమ్మే పొడి తనూ తాగుతాడు. ఫోన్లో ఎవడో కండలు తిరిగినవాడు ఏం చెబితే అది నమ్ముతాడు, నమ్మి పదిమందికి చెబుతాడు. ఆ ఒళ్లు పొడితోనే వచ్చిందా అని ఎవరైనా అడిగితే తలూపమన్నాడు. హనుమన్న తలూపాడు. ఊపి ఊపి అతని మెడకు అలవాటైపోయింది.

ఆ ఒళ్లు ఏ డబ్బాలోంచీ రాలేదు. మీసాలు రాకముందు నుంచీ బోరేలు మోస్తే, జొన్నరొట్టె, పుండికూర తింటే వచ్చింది. ఆ బోరేల కిందే పోయింది కూడా.

మెట్ల మీద చప్పుడైంది. జాషువా వచ్చాడు. యార్డులో హమాలీ, హనుమన్న వదిలిన ముఠాలోనే చేరినవాడు. పెళ్లీడు మనిషి. చెంపలు లోపలికి పోయాయి, పెదాలు పగిలి మూలల్లో తెల్లగా పేరుకుంది. వచ్చీ రాగానే చొక్కా ఎత్తి అద్దం ముందు కడుపు చూసుకున్నాడు.

“రాత్రి ఏమన్నా తిన్యావా అప్పా?”

“తెల్లసొన తిన్యానన్నా. నీళ్లే, మొన్నట్నుంచి బందు.”

హనుమన్న చేతిలో గుడ్డ ఆగిపోయింది. “నీళ్లు బందేంది? ఎవురు సెప్పినారు?”

“సుధాకరన్న సెప్పినాడు. ఫోన్లో గూడా సూపిచ్చినాడు. నీళ్లు, ఉప్పు ఆపితే తోలు పోయి కండకు అతుక్కుంటాదంట. గళ్లు బాగా తేల్తాయంట. సాయంత్రం ఫోటో తీస్తాండారు గదా!”

ఫోటో సంగతి హనుమన్నకు తెలుసు. ఎమ్మిగనూరులో కొత్త జిమ్ము తెరుస్తున్నారు. దాని గోడ మీదికి కొత్త మనిషి కావాలి. ఫోటో కుదిరితే జాషువాను అక్కడ ట్రైనరుగా పెట్టుకుంటానని సుధాకర్ మాటిచ్చాడు. బోరెం దిగిపోతుంది. యార్డులో రాలిన పత్తి ఏరుకునే తల్లి మరియమ్మను నీడపట్టున కూర్చోబెట్టొచ్చు. జాషువా కోరుకున్నది అంతే. అందులో తప్పుపట్టడానికి హనుమన్నకు ఏమీ దొరకలేదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

“జాషువా, ఇట్ల సూడు. ఆ బొమ్మలో ఉండేది నేను. ఆ పొడి నా నాలిక్కి గూడా తగల్లేదు. అది నా పాత ఫోటో అప్పా. ముందరిది ఎనక, ఎనకది ముందర పెట్టినారు.”

జాషువా ఫ్లెక్సీ వైపు చూశాడు, హనుమన్న పొట్ట వైపు చూశాడు. మర్యాదగా నవ్వాడు.

“నువ్వు మళ్లీ పొడి వదిలేసినావు గాబట్టి ఒళ్లు వచ్చిందన్నా. సుధాకరన్న సెప్పినాడులే. నేను వదల్ను.”

అంటే దానికి కూడా జవాబు తయారుగా ఉంచారు! ఎడమ పక్క మనిషి కళ్లెదుట నిలబడి మాట్లాడుతున్నా, కుడి పక్క మనిషి మాటే చెల్లుతోంది. వాడు మాట్లాడడు కూడా.

సుధాకర్ రాగానే హనుమన్న అడిగాడు. “ఆ పిల్లోనికి నీళ్లు తాగమని సెప్పు సార్. నీ మాటైతే ఇంటాడు.”

“ఇంకొక్క పూటే కదన్నా. ప్రపంచమంతా చేసేదే ఇది.”

“ప్రపంచమంతా ఎండలో బోరేలు మోస్తాందా సార్?”

సుధాకర్ ఫోన్లోంచి తలెత్తలేదు. “వాడికి లేని బాధ నీకెందుకు హనుమన్నా? ఫోటోగ్రాఫరు వస్తాడు, ఆ అద్దాలు తుడువు.”

హనుమన్న అద్దాలు తుడిచాడు. ప్రతి అద్దంలోనూ ఫ్లెక్సీ కనబడింది.

మధ్యాహ్నం ఇంటికి పోయి అన్నం ముట్టకుండా గోడకున్న పటం తీశాడు. మేకు చుట్టూ దుమ్ము గీత మిగిలింది. భార్య ఉచ్చీరమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

“దాన్ని యాడికి తీసుకపోతాండావు ఈ ఎండలో?”

“జాషువాకు సూపిచ్చల్ల. వాడు నీళ్లు తాగకుండా సస్తాండాడు.”

“పటం తాగుతాడా వాడు?” అని గదమాయించి, ఆమె మజ్జిగ చిలికి, ఉప్పేసి, ప్లాస్టిక్ సీసా మూతి దాకా నింపి ఇచ్చింది.

యార్డులో ఎటు చూసినా తెల్లటి పత్తి. ఆ తెలుపు మీద పడిన ఎండ కళ్లలోకి కొడుతోంది. ఫాల్గుణం దాటకముందే ఇంత కాక. జాషువా బోరెం దించి కాటా పక్కన నిలబడ్డాడు. ఒంటి మీద చెమట లేదు. బోరెం దించినవాడి ఒళ్లు పొడిగా ఉండడం హనుమన్న ఎన్నడూ చూడలేదు. చంకలోని పటం తీసి అతని ముందు పెట్టాడు.

“సూడు. డబ్బా ఉందా ఈడ? రాయి. ఎమ్మిగనూరు జాతరలో ఎత్తినాను. ఇదీ అసలు ఫోటో.”

జాషువా పటాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు. రాయి మీద వేలు పెట్టి గాజును రుద్దాడు కూడా.

“బాగా చేసినారన్నా,” అన్నాడు. “రాయి పెట్టినట్టే తెలీడంలేదు. కంప్యూటర్లో ఏమన్నా చేస్తారు ఇప్పుడు.”

హనుమన్న పటాన్ని వెనక్కి లాక్కున్నాడు. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. పటాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. ఇతన్ని వెల్లకిలా పడేసి మజ్జిగ గొంతులో పోయాలనిపించింది. వెనకటి నడుమైతే చేసేవాడే.

“ఒక్క గుటక తాగప్పా. నీకు దండం పెడతాను.”

“ఆడ పెట్టిపో అన్నా. ఫోటో అయినాక మొత్తం తాగుతా. ఉచ్చీరమ్మక్క మజ్జిగ వదుల్తానా?” అని మూట లాగే కొండి అందుకుని తర్వాతి బోరెం వైపు నడిచాడు. నడకలో అడుగు కాస్త పక్కకు పడింది.

హనుమన్న సీసాను కాటా నీడలో పెట్టాడు. చూస్తే తాగుతాడేమోనని జాషువా తిరిగే దారిలోనే పెట్టాడు. జిమ్ముకు వేళ మించిపోతుంటే వచ్చేశాడు.

సాయంత్రం ఫోటోగ్రాఫరు లైట్లు అమర్చాడు. సుధాకర్ కొత్త డబ్బా తెచ్చి, పేరు ముందుకు కనబడేలా తిప్పి బల్ల మీద పెట్టాడు. జాషువా రాలేదు. సుధాకర్ మూడోసారి ఫోన్ చేస్తే ఎవరో ఎత్తారు. అతను వింటూ వింటూ బెంచీ మీద కూర్చుండిపోయాడు.

“కాటా దగ్గర బోరానికి ఆనుకుని కూర్చున్నాడంట,” అన్నాడు. “నిద్రపోతున్నాడని ఎవరూ లేపలేదంట. లేపేసరికి ప్రాణం లేదంట.”

ఫోటోగ్రాఫరు ఒక్కొక్క లైటూ ఆర్పాడు. సుధాకర్ మొహం పాలిపోయి ఉంది. నిజంగానే ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే అన్నాడు, “హనుమన్నా, నీళ్ల సంగతి ఎవరితోనూ అనొద్దు. ఎండదెబ్బే కదా అది.”

హనుమన్న మెడ అలవాటుగా ఊగబోయింది. ఆపుకున్నాడు. నూనె గుడ్డను మడిచి బల్ల మీద డబ్బా పక్కన పెట్టాడు. పటాన్ని చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. ఆ మెట్లు మళ్లీ ఎక్కలేదు.

అతను యార్డు చేరేసరికి జాషువాను ఆసుపత్రికి తీసుకుపోయారు, మరియమ్మ వెంట పోయింది. ఆమె ఏరిన పత్తి కొంగులోంచి జారి దారి పొడవునా పడి ఉంది. ముఠాలో ఒకడు హనుమన్నను చూసి దగ్గరికొచ్చాడు. అతని గొంతులో నిష్ఠూరం లేదు.

“నీ మాదిరి ఒళ్లు తెచ్చుకోవల్లని శానా తన్లాడినాడన్నా,” అన్నాడు.

హనుమన్న చెప్పాల్సిందంతా పొద్దున్నుంచీ చెబుతూనే ఉన్నాడు.

కాటా నీడ జరిగిపోయింది. జాషువా ఆనుకున్న బోరెం మీద వీపంత గుంట ఇంకా ఉంది. దాని పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, మజ్జిగ సీసా పెట్టింది పెట్టినట్టే ఉంది. చిక్కదనం అడుగుకు దిగి, పైన తేట నీళ్లు తేలి, మూత దాకా నిండుగా.