పండ్ల కాలానికి ఒక తుపాకీ

భర్త ఓరిన్ పోయిన రెండో వేసవిలో ఆర్డిస్ మళ్లీ పండ్లకు వెళ్లాలని నిశ్చయించుకుంది. ఆగస్టు వచ్చిందంటే మోంటానా కొండల ఎత్తయిన వాలుల మీద హకిల్‌బెర్రీలనే చిన్న అడవి పండ్లు నల్లగా పండుతాయి. అవి మనుషులకెంత ఇష్టమో ఎలుగుబంట్లకూ అంతే ఇష్టం. అందుకని ముప్ఫయ్యొక్క ఏళ్లపాటు ఓరిన్ గుండెల మీద తోలు ఒరలో పెద్ద రివాల్వర్ పెట్టుకుని ముందు నడిచేవాడు. ఆమె బకెట్లు పట్టుకుని వెనక నడిచేది.

ఇంట్లో ఓరిన్ నోట్లోంచి రోజుకు పది మాటలు రాలితే గొప్ప. కొండదారిలో మాత్రం ఆపకుండా మాట్లాడేవాడు. మనిషి గొంతు ముందే వినిపిస్తే ఎలుగుబంటి తనే పక్కకు తప్పుకుంటుందని ఆయన నమ్మకం. చిన్నప్పటి అల్లరి, కలప మిల్లులో తగాదాలు, రాగం కుదరని పాటలు, అన్నీ ఆ నాలుగు మైళ్లలోనే బయటికొచ్చేవి. ఏడాదంతా మూగవాడితో కాపురం చేసి ఆగస్టులో ఒక వారం మాత్రం వాగుడుకాయతో చేసినట్టుండేది ఆర్డిస్‌కు. జులై చివరికల్లా బకెట్లు కడిగి బోర్లించి, ఎప్పుడెప్పుడా అని చూసేది.

ఈసారి ఓరిన్ చెల్లెలు వోండా తోడు వస్తానంది. కానీ ఆమె తుపాకీ ముట్టదు. మోయాల్సింది ఆర్డిసే. బీరువాలోంచి ఓరిన్ రివాల్వర్ తీసి, శుభ్రం చేయించుకుందామని డెల్బర్ట్ తుపాకుల కొట్టుకు పట్టుకెళ్లింది. దాన్ని ఓరిన్‌కు అమ్మింది ఆ డెల్బర్టే. ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డాడు. రివాల్వర్ని అటూ ఇటూ తిప్పి చూసి, బాగానే ఉందన్నాడు. తర్వాత ఆమె చేతుల వైపు చూశాడు. ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు స్టీరింగ్ తిప్పిన చేతులు. బొటనవేళ్ల కీళ్లు ఉబ్బి ఉన్నాయి.

కొట్టు వెనక మట్టికట్టకు కాగితపు పళ్లెం గుచ్చి, పదడుగులు వెనక్కి నిలబెట్టి పేల్చమన్నాడు. మొదటి తూటా పళ్లెం పైనుంచి పోయింది. రివాల్వర్ గొట్టం ఆకాశం వైపు లేచింది, మణికట్టు జివ్వుమంది. దాన్ని మళ్లీ కిందికి దించి గురి చూసేసరికి ఆమెకే ఎంతోసేపు అయినట్టనిపించింది.

"రెండోసారి గురి చూసుకునేదాకా ఎలుగుబంటి ఆగుతుందా, ఆర్డిస్?" అన్నాడు డెల్బర్ట్.

"ఓరిన్ మోశాడుగా."

"మోశాడు. ఏటా జులైలో ఇక్కడికొచ్చి యాభై తూటాలు కాల్చేవాడు. ఆఖరి ఏళ్లలో చేతికి గుడ్డ చుట్టుకుని మరీ. చిన్నది తీసుకోరా అంటే వినలేదు. వెనక మా ఆవిడ నడుస్తుంది, నేను గురి తప్పకూడదు అనేవాడు."

ప్రతి జులైలోనూ ఓరిన్ మణికట్టు వాచి ఇంటికొచ్చేవాడు. కంచె బాగుచేస్తూ బెణికిందనేవాడు. ఆర్డిస్ వేడినీళ్లలో ఉప్పు వేసి ఆ చెయ్యి పెట్టించేది. ఆ చిన్న కంచెకు ఏటా అంత మరమ్మతేమిటని ఒక్కసారైనా అడగలేదు. ఆ మాటే తలుచుకుంటూ కాసేపు మట్టికట్ట వైపు చూస్తూ నిలబడింది. డెల్బర్ట్ లోపలికి వెళ్లి, అవసరం లేకపోయినా చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

తర్వాత ఇద్దరూ పనిలో పడ్డారు. మొదట ఒక పిస్టల్ ఇచ్చాడు. తూటాలు ఎక్కువ పడతాయి, పేలిస్తే చేతికి తగిలే దెబ్బ తక్కువ. కానీ తూటా ఎక్కేలా దాని పైభాగాన్ని వెనక్కి లాగడానికి ఆమె బొటనవేళ్లు ఒప్పుకోలేదు. ఇంకోటి మరీ తేలిక. మోయడానికి హాయిగా ఉంది, పేలిస్తే గాడిదలా తన్నింది. ఆఖరున నాలుగంగుళాల గొట్టం ఉన్న ఉక్కు రివాల్వర్ ఒకటి చేతిలో పెట్టాడు. ఓరిన్ దానికంటే చిన్న తూటా, కానీ లోతుగా దిగే గట్టి రకం. బరువుంది కాబట్టి చేతిలో ఎగరదు. ఆరింటిలో అయిదు పళ్లేనికి తగిలాయి.

"ఇదే. నువ్వు కొట్టగలిగేదే నీ తుపాకీ," అన్నాడు డెల్బర్ట్.

నడుముకు కడితే సంచి పట్టీలు అడ్డొస్తాయని ఛాతీ మీద కట్టుకునే ఒర ఇచ్చాడు. ఎలుగుబంటి కళ్లలో కొట్టే మిరప స్ప్రే డబ్బా కూడా తీసుకునేదాకా వదల్లేదు. గాలి తనవైపు వీయనంతవరకు ముందు దాన్నే తియ్యమన్నాడు. రెండు వారాలపాటు ఆర్డిస్ ఖాళీ తుపాకీని వంటింట్లో ఒరలోంచి తీయడం, పెట్టడం సాధన చేసింది.

కొండ ఎక్కిన రోజున మొదటి మైలంతా ఇద్దరూ మౌనంగానే నడిచారు. వోండా ఆయాసపడుతోంది. ఆ నిశ్శబ్దం ఆర్డిస్‌కు ఒళ్లు జలదరించేలా ఉంది. ఆ దారిలో ఎప్పుడూ వినడమే తప్ప మాట్లాడిన అలవాటు లేదు. గొంతు సవరించుకుని, ఓరిన్ చెప్పే కథల్లో ఒకటి గట్టిగా మొదలుపెట్టింది. వాళ్ల మేక పాస్టర్ గారి ఈస్టర్ టోపీ నమిలేసిన కథ.

"మేక కాదు వదినా, ఆ పని నాది," అంది వోండా వెనకనుంచి. "టోపీని నేనే బావిలో పడేశా. అన్నయ్య నేరం మేక మీదకి తోశాడు. నీక్కూడా చెప్పలేదా?"

"ముప్ఫయ్యొక్క ఏళ్లు మేకే అన్నాడు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుతోనే మలుపు తిరిగారు. గాలి ఎదురుగా వీస్తోంది కాబట్టి వాళ్ల సందడి పైకి చేరలేదు.

నలభై అడుగుల దూరంలో, పొదల మధ్య గ్రిజ్లీ జాతి తల్లి ఎలుగుబంటి, దాని వెనక పిల్ల. తల్లి వెనక కాళ్ల మీద లేచి చూసింది. కిందికి దిగి, చెవులు వెనక్కి వాల్చి దూసుకొచ్చింది. స్ప్రే కొడితే తమ కళ్లలోనే పడుతుందని ఆర్డిస్‌కు తట్టేలోపే తుపాకీ చేతిలోకి వచ్చేసింది. పదిహేను అడుగుల దగ్గర ఎలుగుబంటి మట్టి ఎగిసేలా ఆగింది. పళ్లు టకటకలాడిస్తోంది. దాని గొంతు కింద తెల్లటి మచ్చ మీద గురి నిలిచింది. ఇంకో అడుగు వేస్తే పేల్చాలి అనుకుంది. ఆర్డిస్ గొంతు మాత్రం ఆగలేదు. నెమ్మదిగా, బస్సులో ఏడ్చే పిల్లను ఓదారుస్తున్నట్టు, మేక సంగతి, టోపీ సంగతి చెప్తూనే ఉంది. వోండాను చొక్కా పట్టుకుని ఒక్కో అడుగూ వెనక్కి నడిపించింది. ఎలుగుబంటి పక్కకు తిరిగింది. పిల్లను తోలుకుని చెట్లలోకి వెళ్లిపోయింది.

అర మైలు కిందికి దిగాక గానీ ఆర్డిస్ తుపాకీని ఒరలో పెట్టలేదు. పడిపోయిన దుంగ మీద కూలబడింది. వోండా పక్కన కూర్చుని చాలాసేపు ఆమె చెయ్యి నిమిరింది.

"మా ఇంటి గుట్టంతా ఎలుగుబంటికి విప్పావు కదా వదినా," అంది చివరికి.

పైవాలుకు ఆ రోజు ఇక వెళ్లలేదు. వాగు పక్కన, నీడపట్టున, చిన్నగా పుల్లగా ఉన్న పండ్లు దొరికితే అవే కోశారు. అర బకెట్టు అయ్యాయి. ట్రక్కు వెనక తలుపు దించి దానిమీద కూర్చుని, ఊదారంగు అంటిన వేళ్లతో గుడ్డు శాండ్‌విచ్‌లు తిన్నారు. గురువారం అవతలి కొండకు పోదామని, ఈసారి పెద్ద బకెట్లు తెమ్మని వోండా అంది. ఆర్డిస్ సరేనంది.