నలుగురు కున్మనారాలు

ట్యాబ్లెట్ తెర మీద నాలుగు నల్ల పలకలు. నాలుగింటి కిందా ఒకటే పేరు: కున్మనారా.

ఆ ఎడారి ఊరి ఆదివాసుల ఆచారంలో పోయినవాళ్ల పేరెత్తకూడదు, మొహం చూడకూడదు. దుఃఖం తీరిందని కుటుంబం చెప్పేదాకా ఎవరైనా కున్మనారాయే. అందుకే ఊళ్లో ఒకరు పోతే చాలు, బొమ్మలు దిద్దే యాప్‌లో వాళ్ల ఫొటో మీద నల్లటి పొర పరిచి, పాత పేరు చెరిపి, ఈ పేరు పెట్టి దాచేవాడు మర్విన్. ఇన్నేళ్లలో ఒక్కరూ మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఆ నలుగురిలో ఒకడు మర్విన్ అన్న. ఇవాళ అన్న కుటుంబం దుఃఖం తీరిందని చెప్పింది. సాయంత్రం అన్న ఆడిన జట్టుకి ఫుట్‌బాల్ ఫైనల్. అన్న బొమ్మ గుడ్డ మీద అచ్చేసి ఎత్తి కడితే, ఆటగాళ్లు దాని కిందనుంచి మైదానంలోకి పరుగెత్తాలి. అన్నది మిగిలింది ఆ ఒక్క ఫొటోయే.

"నాన్నది ఏది బాబాయ్?" అంది అన్న కూతురు లెనోరా.

"ఉండవే, చూస్తున్నా."

"ఏం చూస్తావ్? అన్నీ తారు పూసినట్టున్నాయి. అంకెలైనా వెయ్యలేకపోయావా?"

"పోయినోళ్లకి నంబర్లేంటే? వాళ్లేమన్నా గొడ్లా?"

పక్కన టోపీ పెట్టుకుని కూర్చున్న ముసలి ఐవీ కర్ర ఎత్తింది. ఆమె మొగుడు పోయింది మొన్నమొన్ననే. ఈ నలుగురిలో ఆయనా ఉన్నాడు.

"ఒరే, మా ఆయన మీద పొర గాని తీశావో, వేళ్లు విరగ్గొడతా!"

మర్విన్ తెర దగ్గరికి వంగాడు. పైగా తెర నిండా ఎర్ర దుమ్ము. చొక్కా అంచుతో తుడిచాడు. దుమ్మంతా పోయింది. మూడో పలక మూలన ఒక ఎర్ర చుక్క మాత్రం పోలేదు. మళ్లీ తుడిచాడు.

అది దుమ్ము కాదు!

ఫొటో దాచిన రోజు అన్న మొహం కప్పాడు, భుజాలు కప్పాడు. చేతిలో బంతి దగ్గరికొచ్చేసరికి వేలు కదల్లేదు, దాని అంచు కాస్త అలాగే వదిలేశాడు. బతికుండగా ఎవడూ లాక్కోలేకపోయిన బంతి అది.

యాప్‌లో పొరను దాచే కంటి గుర్తు నొక్కాడు. నలుపు మాయమైంది. చంకలో ఎర్ర బంతితో అన్న పకపకా నవ్వుతున్నాడు.

"నాన్నా!" లెనోరా కేక వేసింది.

అచ్చుకని ఒక నకలు తీసి, అసలును పదిలంగా ఉంచాడు మర్విన్. తర్వాత కున్మనారాను చెరిపి, ఒక్కో అక్షరమే కొట్టాడు: డెస్మండ్. సేవ్ నొక్కాడు.

"రేపు నేను పోయాక నన్ను దాచేటప్పుడు నా టోపీ కప్పకుండా వదిలెయ్‌రా, వెతుక్కోకుండా" అంది ఐవీ.

"అలాగే పెద్దమ్మా."

సాయంత్రం గుడ్డ పైకి లేవగానే మైదానమంతా "డెస్మండ్!" అని అరిచింది. అందరికంటే పైన మర్విన్ గొంతే.