బ్రోకెన్ హిల్ దాకా

"కుక్కర్ గ్యాస్కెట్ ఎక్కడ పెట్టావు?" అని హేమచంద్ర ఫోన్ చేసేసరికి రైలు లిత్గో స్టేషన్లో ఆగి ఉంది. పొద్దున ఆరు దాటాక సిడ్నీలో ఎక్కిన దగ్గర్నుంచి అది నాలుగో ఫోన్.

"సింకు పక్క రెండో డ్రాయర్లో, స్టీలు గిన్నె కిందండీ," అంది కిరణ్మయి కళ్ళు తెరవకుండానే.

"అమ్మ బీపీ మాత్రలు?"

"డబ్బాలో సర్ది పెట్టాను. మండే అని రాసుంటుంది."

రెండు రోజులు నిలబడి వండి ఫ్రిజ్‌లో పదకొండు డబ్బాలు పెట్టి వచ్చింది. అత్తగారు జ్ఞానప్రసూనకు ఉప్పు తక్కువ కూరలు, కూతురు గీతికకు పాస్తా, భర్తకు గోంగూర పప్పు. ఒక్కో మూత మీద పేరు, వారం. తనకు దారిలో తినడానికి ఏమీ తెచ్చుకోలేదని ఆమెకు రైలెక్కాక గానీ తట్టలేదు.

గుంటూరులో ఫార్మసీ చదివి, పెళ్ళయి, పందొమ్మిదేళ్ళ కిందట భర్త వెంట అడిలైడ్ పక్కన మాసన్ లేక్స్‌కు వచ్చింది. ఇక్కడ లైసెన్సు కోసం మళ్ళీ పరీక్ష రాయాలి. మొదటిసారి ఫీజు కట్టినప్పుడు గీతిక కడుపులో ఉంది. రెండోసారి హేమచంద్ర ఉద్యోగం మారి కాపురం సిడ్నీలో ద పాండ్స్‌కు మారింది. మూడోసారి అత్తగారి మోకాలి ఆపరేషన్. "నీ పరీక్ష ఎక్కడికి పోతుంది కిరణ్, నెక్స్ట్ ఇయర్ రాసుకో," అనేవాడు హేమచంద్ర. కసురుకుని కాదు, భుజం మీద చెయ్యి వేసి మరీ అనేవాడు. అందుకే ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. ఈలోగా ఒక మందుల షాపులో పదకొండేళ్ళు షాంపూలు, సన్‌స్క్రీన్‌లు అమ్మింది. ఒక ముసలాయనకు చేతిలోని రెండు రకాల మాత్రలూ కలిపి వేసుకోవద్దని చెప్పినందుకు, నిన్నగాక మొన్న యూనివర్సిటీ నుంచి ఫార్మసిస్టుగా వచ్చిన పిల్ల అందరి ముందూ, "అడ్వైస్ మా పని కిరణ్, నువ్వు క్యాష్ కౌంటర్ చూసుకో," అంది. నిజానికి ఆ రెండూ కలిపి ఇచ్చిన పొరపాటు ఆ పిల్లదే.

గీతిక డాన్స్ క్లాసుల బయట కారులో కూర్చుని చదివి, కిరణ్మయి పోయిన ఏడాది పరీక్ష గట్టెక్కింది. పదిహేను రోజుల కిందట ఎక్కడో ఎడారి మధ్యనున్న బ్రోకెన్ హిల్ ఊళ్ళో ఏడాదిపాటు ఫార్మసిస్టుగా రమ్మని ఉత్తరం వచ్చింది.

"ఎడారిలో మందులు ఎవరికమ్మా?" అన్నారు అత్తగారు.

"ఆఫర్ వచ్చింది, హ్యాపీ. సరదాగా ఊరు చూసిరా. థర్స్‌డే ఫ్లైట్‌కి వచ్చెయ్," అని హేమచంద్ర తిరుగు టికెట్ తీశాడు. పోయేటప్పుడు రైల్లో పోతానంటే వింతగా చూశాడు. "పదమూడు గంటలా? అంతసేపు ఏం చేస్తావు?"

"కూర్చుంటాను," అంది.

కూర్చోలేదు, నిద్రపోయింది. నోరు తెరుచుకుని, మెడ వాల్చి, ఏళ్ళ నిద్ర. మెలకువ వచ్చేసరికి బయట పచ్చదనం అయిపోయి ఎర్రమట్టి మొదలయింది. కంచెలు కూడా లేవు. అక్కడక్కడా గుబురు పొదలు, దూరంగా నిలబడి చూస్తున్న ఈమూ పక్షులు. పక్క సీట్లోకి ఎప్పుడు వచ్చిందో ఒక పెద్దావిడ. పేరు మోరీన్ అనీ, మెనిండీలో దిగుతాననీ చెప్పింది.

"నిద్రలో ఒకటే మాట అంటున్నావు. నాలుగైదు సార్లు అన్నావు," అంది మోరీన్. తన నోట్లో ఆ మాటను అటూ ఇటూ తిప్పి, "వొస్తునా, వొస్తునా. అంటే ఏమిటి?"

కిరణ్మయి సిగ్గుపడింది. "వస్తున్నాను అని."

"ఎవరి దగ్గరికి?"

ఊరికే అడిగిందావిడ. అత్తగారు గదిలోంచి పిలిస్తే, భర్త మేడ మీద నుంచి పిలిస్తే, కూతురు బాత్రూమ్‌లోంచి పిలిస్తే ఆ మాటే. నిద్రలో ఎవరు పిలిచారో గుర్తులేదు. ఎవరూ పిలవకపోయి ఉండవచ్చు.

మోరీన్ తన చీజ్ శాండ్‌విచ్‌లో సగం కాగితంలో పెట్టి ఇచ్చింది. కిరణ్మయి మెల్లగా, ఆఖరి తునక దాకా తింది. తర్వాత ఫోన్‌లో నాలుగు లైన్ల మెయిల్ రాయడానికి ఆమెకు గంట పట్టింది. సిగ్నల్ లేక అది కదల్లేదు. మెనిండీలో రైలు ఆగి, మోరీన్ చెయ్యి ఊపి దిగిపోయాక, మెయిల్ వెళ్ళిపోయింది. ఆ వెంటనే ఫోన్ మోగింది.

"ఫ్లైట్‌లో సీటు సెలెక్ట్ చేస్తున్నా కిరణ్. ముందు వరుసలో పెట్టనా?"

"క్యాన్సిల్ చేసెయ్యండి. జాబ్‌కి ఓకే చెప్పేశాను."

అవతల హేమచంద్ర టీవీ కట్టేశాడు.

"ఏడాదంటే... మరి ఇంట్లో ఎలా?"

జవాబులు లేక కాదు. భోజనం డబ్బాలు పంపే హరిప్రియగారి నంబరు, అత్తగారి డాక్టర్ అపాయింట్‌మెంట్లు, గీతిక ట్యూషన్ వేళలు అన్నీ వరసగా గొంతుదాకా వచ్చేశాయి. కిరణ్మయి వాటిని మింగేసింది.

"తెలియదండీ," అంది.