సాక్షి సంతకం

నాగజ్యోతి సంచీ అడుగున నల్లకోటు పరిచి, దాని మీద తెల్ల బనీన్లు పెట్టింది. గోల్ఫ్ కర్రల సంచీ గుమ్మం దగ్గర విడిగా నిలబెట్టి ఉంది. ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా తిరిగొచ్చే రోజు అడగందే ఆవిడ వదలదు.

"సోమవారం రెబ్కా కేసులో సాక్షి ఉన్నాడుగా?"

"హైదరాబాదులో ఆదివారం పోటీ అవగానే రైలెక్కుతాను. స్టేషన్నుంచి నేరుగా కోర్టుకే. అందుకేగా కోటు పెట్టమన్నది," అన్నాడు అంకమ్మరావు.

నరసరావుపేటలో ఆయన పేరున్న ప్లీడరు. నలభై దాటాక హైదరాబాదులో ఒక స్నేహితుడు చేతికి కర్ర ఇచ్చాడు, అంతే, ఆ ఆట పట్టుకుంది. పత్తికట్టె పీకేసిన చేలో పాలడబ్బా పాతి, పొద్దున్నే బంతి కొట్టేవాడు. మిరపకోతకు పోయే ఆడవాళ్లు ఆగి, "ప్లీడరుగారూ, ఆ పుల్లతో కాస్త కలుపన్నా తియ్యండి," అనేవారు.

"కోర్టులో ఎదుటివాడు అడ్డొస్తాడు, జడ్జి అడ్డొస్తాడు. ఇక్కడ తప్పైనా ఒప్పైనా నాదే. బంతి పడ్డచోటినుంచే కొట్టాలి, వాయిదా లేదు," అనేవాడు భార్యతో. అప్పుడాయన ముఖం చూస్తే ఆవిడకు వద్దనబుద్ధేసేది కాదు.

రెబ్కాకు మేనత్త ఇల్లు రాసి పోయింది. అది దొంగ వీలునామా అన్నారు మేనత్త మరిది కొడుకులు. దానిమీద సాక్షి సంతకాలు చేసిన ఇద్దరిలో ఒకరు గతించారు. మిగిలింది ఎలీషా మాస్టారు. "నా కళ్లముందే సంతకం చేసింది" అని ఆయన బోనెక్కి చెబితే ఇల్లు నిలుస్తుంది.

అది రెండువేల సంవత్సరం సెప్టెంబరు. ఆదివారం సాయంత్రం రెబ్కా మాస్టారిని పిడుగురాళ్ల నుంచి ప్లీడరుగారింటికి వెంటబెట్టుకొచ్చింది. బోనెక్కే ముందురోజు సాక్షికి గుమాస్తా యలమంద వీలునామా నకలు చదివి వినిపించడం అక్కడి ఆనవాయితీ. మాస్టారు మాటకోసారి దగ్గుతున్నాడు. నాగజ్యోతి వేడి కాఫీ ఇచ్చింది.

"సంతకం గుర్తుపడతారా మాస్టారూ?" అని అడిగింది.

"ముప్పై ఏళ్లు పిల్లల దస్తూరీలు దిద్దానమ్మా. నాది నేను పట్టలేనా?"

"వందేళ్లుంటారు మీరు," అంది రెబ్కా.

"మా ఊరి సున్నపుబట్టీల దుమ్ము మింగుతూనా?" అని నవ్వబోయి మళ్లీ దగ్గాడు.

లోపల ఫోను మోగింది.

"వానొచ్చి ఆట సగంలో ఆగింది జ్యోతీ. మిగతాది రేపు పొద్దున. నేనే ముందున్నాను," అన్నాడు అంకమ్మరావు. "ప్రేమ్‌చంద్‌కు చెప్పాను. సరేనన్నాడు."

ప్రేమ్‌చంద్ ఎదుటి ప్లీడరు. ఇరవై ఏళ్లుగా ఒకరు వాయిదా అడిగితే రెండోవారు కాదన్నది లేదు. నోటిమాట చాలు.

"మాస్టారు వరండాలోనే ఉన్నారు. మనిషి బాగాలేడండీ. ఇప్పుడు బయల్దేరినా రైలందుతుంది."

"ఆరు వారాలేగా."

"బంతికి లేని వాయిదా సాక్షికెందుకండీ?"

"జీవితంలో మొదటిసారి ముందున్నాను," అన్నాడు చిన్నగా.

ఆవిడ వరండాలోకొచ్చి వాయిదా పడుతుందని చెప్పింది. రెబ్కా తల వంచుకుంది. మాస్టారు మాత్రం, "పర్లేదమ్మా, మళ్లీ వస్తాను," అని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఆ మాట విని తను పంపినవాళ్లలో ఎంతమంది తిరిగి రాలేదో ఆవిడకు తెలుసు. ఆయన చేతిసంచీ పట్టుకుని ఆపాలనిపించింది. గేటుదాకా వెళ్లి సాగనంపింది.

మంగళవారం అంకమ్మరావు వెండికప్పుతో వచ్చాడు. సాయంత్రం ప్రేమ్‌చంద్ వచ్చి దాన్ని తిప్పి చూశాడు.

"బాగుందిరా. దీంట్లో నీ సాక్షికి కాఫీ పోసివ్వు."

అంకమ్మరావు నవ్వలేదు. ఫోను పెట్టేసినప్పటినుంచీ ఆయనకు మాస్టారి ఆరోగ్యం గురించే గుబులు.

"ఆయన ఇంటికే కోర్టు తరఫున ఒక కమిషనర్ని పంపమని అడిగి వాంగ్మూలం రాయించుకో," అన్నాడు ప్రేమ్‌చంద్. "నేను అడ్డు చెప్పను."

మర్నాడే అర్జీ పెట్టాడు. కోర్టు ఒప్పుకుని, అక్టోబరు అయిదున కమిషనరు పిడుగురాళ్ల వెళ్లాలని ఉత్తరువిచ్చింది.

ఎలీషా మాస్టారు మళ్లీ నరసరావుపేట రాలేదు. అక్టోబరు మూడు, మంగళవారం పొద్దున పిడుగురాళ్లలోని కూతురింట్లో పోయాడు.